పండుగకు చెరువు, చెరువుకు పండుగ

2025 సెప్టెంబరు 28న హైదరాబాద్ బాగ్ అంబర్‌పేటలో ఒక కుంట ఒడ్డున బతుకమ్మ ఆడారు. ఆ కుంట పేరే బతుకమ్మ కుంట. పేరు పెద్దల నోళ్లలో మిగిలింది కానీ నీళ్లు కనబడక ఏళ్లు గడిచాయి. మట్టి, చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు తెచ్చి పోయడంతో కుంట పూడిపోయింది. పైన ముళ్లపొదలు మొలిచాయి. స్థలం ఎవరిదన్న గొడవ కోర్టులకెక్కింది. 2025 మొదట్లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వడం మొదలుపెడితే కొన్ని అడుగుల లోతులోనే నీళ్లు ఉబికి వచ్చాయి. ఒకప్పుడు 14 ఎకరాలున్న కుంటలో చివరికి దక్కింది సుమారు 5 ఎకరాలు. ఆ అయిదింటికే చుట్టుపక్కల వాళ్ల ఆనందం అంతా ఇంతా కాదు.

ఆ తేదీకి ఈ నగర చరిత్రలో మరో గుర్తింపు ఉంది. సరిగ్గా 117 ఏళ్ల కిందట, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. కుంట ప్రారంభానికి ఒకటి రెండు రోజుల ముందు కూడా మూసీ పొంగింది. జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తడంతో వరద నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి చేరాయి, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవలసి వచ్చింది. ఒకే వారంలో ఒకచోట పోయిన నీళ్లు తిరిగొచ్చిన పండుగ, మరోచోట నది తన చోటు వెతుక్కుంటూ వచ్చిన భయం. హైదరాబాద్ నగర ప్రణాళిక గురించి మాట్లాడాలంటే ఈ రెంటినీ కలిపి చూడాలి.

సంస్కృతి, పర్యావరణం, అభివృద్ధి అనే మూడింటికీ మన ప్రభుత్వాల్లో మూడు వేరు వేరు శాఖలు ఉంటాయి, మూడు వేరు ఫైళ్లు నడుస్తాయి. ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోది నగరాల గురించి. అందులోని 11.4 అంశం సాంస్కృతిక వారసత్వాన్నీ ప్రకృతి వారసత్వాన్నీ ఒకే వాక్యంలో పెట్టి, రెంటినీ కాపాడమంటుంది. తెలంగాణ ఊళ్లకు ఈ సంగతి ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ చెరువును బతికించింది చెరువు చుట్టూ అల్లుకున్న జీవితం. ఆ అల్లిక తెగాకే చెరువులు పోవడం మొదలైంది.

పేర్లలో మిగిలిన నీళ్లు

హైదరాబాద్ బస్సు బోర్డులు చదివితే చాలు, ఇది నీళ్ల ఊరని తెలిసిపోతుంది. మాసాబ్ ట్యాంక్, నల్లకుంట, తాలాబ్ కట్ట, దూద్ బౌలి, పుత్లీ బౌలి, గచ్చిబౌలి. బౌలి అంటే బావి. గచ్చిబౌలి అంటే గచ్చు కట్టిన బావి. కుతుబ్ షాహీల కాలపు హయాత్ బక్షీ బేగంను జనం మా సాహెబా అని పిలిచేవారు. ఆమె పేరు మీద వెలసిన చెరువే మాసాబ్ ట్యాంక్. ఇప్పుడు చెరువు ఉండాల్సిన పల్లంలో పార్కు ఉంది, ఆ పక్క నుంచి ఫ్లైఓవర్ పోతుంది. నల్లకుంటలో కుంట ఏదని అడిగితే చూపించేవాళ్లు లేరు.

హుస్సేన్‌సాగర్‌ను 1560ల్లో తవ్వించారు. 1591లో చార్మినార్ చుట్టూ కొత్త నగరం వెలిసింది. అంటే హైదరాబాద్ నగరం కన్నా హుస్సేన్‌సాగర్ వయసు దాదాపు ముప్పై ఏళ్లు ఎక్కువ. ముందు నీళ్లు చూసుకుని తర్వాత ఇల్లు కట్టుకోవడం ఈ నేల అలవాటు. కాకతీయుల నాటి నుంచీ దక్కన్ రాతినేల మీద బతకడానికి మనుషులకు తెలిసిన దారి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. వానాకాలం నాలుగు నెలల నీటిని ఏడాదంతా వాడుకునే ఏర్పాటు అది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో ఈనాటికీ లెక్కకు దాదాపు 3 వేల చెరువులు, కుంటలు తేలుతాయి.

ఒకప్పుడు ఈ చెరువులను ఏ శాఖా నిర్వహించలేదు. కట్ట, తూము, మత్తడి చూసుకోవడానికి ఊరికి ఒక నీరటికాడు ఉండేవాడు. అతనికి పంట మీద గింజలు కొలిచి ఇచ్చేవారు. చేపల మీద బెస్తలకు, ముదిరాజులకు హక్కు. రేవు రజకులది. కట్ట మీది ఈత, తాడి చెట్లు గీతకార్మికులవి. వేసవిలో నీళ్లు ఇంకితే బయటపడే ఒండ్రు రైతుల పొలాలకు ఎరువు, కుమ్మరి సారెకు మట్టి. ఒండ్రు తీస్తేనే పూడిక పోతుంది, పూడిక పోతేనే వచ్చే వానకు చోటుంటుంది. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోతే చెరువు బాగు దానంతట అదే జరిగేది. ఈ ఏర్పాటులో కులాల మధ్య ఎచ్చుతగ్గులు ఉన్నాయి, కొందరికి నీళ్లు తాకే హక్కు కూడా లేదు. ఆ అన్యాయాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ కోరుకోకూడదు. చెరువుతో పని ఉన్న మనుషులు చెరువు పక్కనే ఉండేవారన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ పైన దేవత. చెరువు కట్ట ఉన్నచోట కట్టమైసమ్మ ఉంటుంది. హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి కట్టమైసమ్మ గుడికి ఇప్పటికీ జనం బోనాలెత్తుతారు. కట్ట తెగకుండా కాపాడమని మొక్కు. మొక్కు తీర్చడానికి కట్ట మీదికి వెళ్లిన మనిషికి కట్టలో పడిన బొరియ కనిపిస్తుంది, పెరిగిన చెట్టు వేరు కనిపిస్తుంది, కారుతున్న తూము కనిపిస్తుంది. బోనాలు ఆషాఢంలో, వానల మొదట్లో వస్తాయి. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది, అప్పటికి చెరువులు నిండి ఉంటాయి. బతుకమ్మ పూలు నీటిని శుద్ధి చేస్తాయని పెద్దలు చెప్పే మాట ఎలా ఉన్నా, ఆ పండుగ చేసే ఇంకో పని కళ్లముందే ఉంది. ఏడాదికొకసారి ఊళ్లోని ఆడవాళ్లంతా నీటి ఒడ్డుకు చేరతారు. నీళ్లు ఎంత ఉన్నాయో, ఎలా ఉన్నాయో, దారి ఎవరు మూశారో ఊరందరికీ తెలిసిపోతుంది. ఏ ఇన్‌స్పెక్టరూ ఇంత శ్రద్ధగా తనిఖీ చేయడు.

ఇంటికి నల్లా వచ్చాక ఈ బంధం వదులైంది. పొలాలు ప్లాట్లు కాగానే చెరువు నీటితో పండే ఆయకట్టు పోయింది. ఆయకట్టు లేని చెరువుకు నీరటికాడు ఎందుకు? మత్తడి నుంచి కింది చెరువుకు పోయే కాలువ పేరు నాలాగా మారింది, నాలా అంటే మురుగు అనే అర్థం స్థిరపడింది. రికార్డుల్లో శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అని రాసి ఉన్నచోట, వేసవిలో ఎండినప్పుడు హద్దురాళ్లు వెలిశాయి. నీళ్లు ఎవరికీ అక్కరలేని చోట నేల అందరికీ అక్కరకొచ్చింది.

ఒక వరద నేర్పిన ప్రణాళిక

1908 నాటి వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చూసిన మొదటి విషయం నగరం బయట ఉంది. మూసీకి నీళ్లు తెచ్చే ప్రాంతంలో 788 చెరువులు ఉంటే, ఆ వానకు 221 తెగిపోయాయి. ఒకటి తెగితే ఆ బరువు కిందిదాని మీద పడి, అదీ తెగి, చివరికి అంతా కలిసి నగరం మీద పడింది. గొలుసు కాపాడినంత కాలం కాపాడింది, తెగినప్పుడు వరుసగా తెగింది.

ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్నది విశ్వేశ్వరయ్య సూచన. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసా మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన జలాశయాలే నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. గండిపేట అంటే ఉస్మాన్‌సాగరే. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచి పోలేరన్న మాట అక్కడి నుంచి పుట్టిందే.

దీనితోపాటు జరిగిన ఇంకో పని గురించి తక్కువ మంది మాట్లాడతారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ తర్వాతి ఏళ్లలో వరద తుడిచిపెట్టిన ఒడ్డు మీద నగరానికి కావలసిన గొప్ప కట్టడాలు లేచాయి. దక్షిణ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ. ఉత్తర ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఆసఫియా గ్రంథాలయం. న్యాయం, చదువు, వైద్యం, పుస్తకం నాలుగూ నది వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాయి. భయపెట్టిన నదికి వీపు చూపకుండా, జనం రోజూ అక్కడికి రావలసిన కారణాలను సృష్టించారు. కొత్త బజార్లు, వెడల్పు రోడ్లు కూడా ఆ బోర్డు కాలంలో వచ్చినవే. మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టారు. విషాదం నుంచి ఒక నగరం ఇంత అందంగా లేవడం అరుదు. అక్కడ ఇంజనీరింగ్ లెక్కకు, కట్టడపు కళకు, జనం అవసరానికి మధ్య గోడలు లేవు.

ఆ జలాశయాల చుట్టూ రక్షణగా 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. జలాశయాల పూర్తి నీటి మట్టం నుంచి 10 కిలోమీటర్ల దూరం దాకా 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, భారీ నిర్మాణాలు కట్టకూడదని అది చెప్పింది. నీళ్లను కాపాడాలంటే నీళ్లొచ్చే దారిని కాపాడాలన్న సూత్రం మీద నిలిచిన జీవో అది. ఆ గ్రామాల రైతులకు దానివల్ల నష్టం జరిగిందన్నది నిజం. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే వాళ్ల భూమికి ధర లేదు, నగరం నీళ్ల కోసం వాళ్లు చేసిన త్యాగానికి నగరం ఏమీ చెల్లించలేదు. చెల్లించే మార్గం వెతకాల్సిన ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలిస్తూ మరో జీవో ఇచ్చింది. ఇప్పుడు కృష్ణా, గోదావరి నుంచి నీళ్లు వస్తున్నాయి కాబట్టి గండిపేట మీద నగరం ఆధారపడటం లేదన్నది వాదన. వంద కిలోమీటర్లు దాటి పైపుల్లో, కరెంటు మోటార్లతో ఎత్తిపోసే నీళ్లకు, వాలు మీద తనంతట తాను వచ్చే నీళ్లకు తేడా ఈ వాదనలో కనిపించదు. వరదను ఆపే పని కృష్ణా పైపు చేయలేదు.

2020 అక్టోబరులో ఆ పాఠం మళ్లీ వచ్చింది. 13, 14 తేదీల్లో కురిసిన వానకు, ఆ తర్వాతి రోజుల్లో పడిన వానకు పాతనగరం పక్కనున్న పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగిన చాలా చోట్ల ఇళ్లు చెరువు శిఖంలోనో నాలా మీదో ఉన్నాయి. అక్కడ ప్లాట్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది ఊళ్ల నుంచి వలస వచ్చి, చిట్టీలు కట్టి, కాగితం చూసి కొన్న సామాన్యులు. ఆ కాగితం మీద స్టాంపు వేసింది ప్రభుత్వమే.

తీసిన మట్టి కింద

బావుల కథ ఇంత బాధ పెట్టదు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఒక మెట్ల బావి ఉంది. 50 అడుగులు దాటిన లోతు, లోపలికి దిగే రాతి మెట్లు, చుట్టూ స్తంభాల మండపాలు. కొన్ని దశాబ్దాలుగా అది చెత్తకుండీ అయిపోయింది. వాననీటి సంరక్షణ మీద పనిచేసే కల్పనా రమేశ్ చొరవతో, పురపాలక శాఖ అండతో వేల టన్నుల చెత్త, మట్టి తోడిపోశారు. చెత్త తొలగే కొద్దీ ఊట పుంజుకుంది. 2022 డిసెంబరులో బావిని తిరిగి తెరిచారు. ఈ పని జరుగుతుండగా బస్తీ వాళ్లే కాపలా కాశారు. తమ తాతలు ఈదిన బావి కథలు చెప్పినవాళ్లూ వాళ్లే.

గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో పని ఇంకా పెద్దది. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 106 ఎకరాల ఆవరణను బాగుచేయడం మొదలుపెట్టింది, 2024లో ముగించింది. అక్కడి ఆరు బావుల్లో పెద్దదైన బడీ బౌలీ ఒక పక్క వానలకు కూలిపోయింది. దాన్ని రాయి రాయి పేర్చి నిలబెట్టారు. ఇప్పుడు ఆ బావుల్లో చేరే వాననీరు తోటలకూ పనులకూ వాడుకుంటారు. గోల్కొండ మెట్ల బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

పురస్కారం కన్నా విలువైనది ఇంకోటి జరిగింది. అంతకుముందు దశాబ్దాల్లో ఈ సమాధులకు మరమ్మతు పేరుతో సిమెంటు పూశారు. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, లోపలే ఉండిపోయిన తేమ రాయిని, పాత సున్నాన్ని తినేస్తుంది. అందుకని సిమెంటంతా చెక్కేసి మళ్లీ డంగు సున్నంతో పూత వేశారు. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, నూరి, బెల్లం, కరక్కాయ లాంటివి కలిపి పదునుకు తేవడం పుస్తకం చదివి వచ్చే పని కాదు. చెయ్యి చెప్పాలి. పదేళ్ల పాటు ఒకేచోట పని దొరకడంతో మేస్త్రీలు, రాతి పనివాళ్లు ఆ విద్యలో మళ్లీ ఆరితేరారు. సున్నం సిమెంటంత ఇంధనం మింగదు, ఎండకు గోడను చల్లగా ఉంచుతుంది, పాడైతే మళ్లీ పూయవచ్చు. వారసత్వం అనుకుని చేసిన పని పర్యావరణానికి మేలైంది, చేతివృత్తికి కూలి అయింది. ఇలాంటి చోట ఖర్చు, లాభం అని రెండు గడులు గీసి లెక్కవేస్తే సగం లాభం లెక్కలోకి రాదు. ఆ మేస్త్రీలకు ఇప్పుడు కావలసింది రేపటి పని. నగరపాలక సంస్థ తన పాత బడులు, మార్కెట్లు, కమాన్లు బాగుచేయడానికి ఏటా కొంత పని ఇస్తే ఆ విద్య నిలుస్తుంది. లేకపోతే ఆ చేతులు అపార్ట్‌మెంట్ల టైల్స్ పనికి పోతాయి. కొన్ని ఇప్పటికే పోయి ఉంటాయి.

బిరుదు దొరికిన ఊరు

2019లో యునెస్కో హైదరాబాద్‌ను సృజనాత్మక నగరాల జాబితాలో, వంటకాల విభాగంలో చేర్చింది. హైదరాబాదీ హలీంకు 2010లో, లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గర్వించాల్సినవే. అయితే ఈ గుర్తింపులు వస్తువుకు వచ్చాయి. ఆ వస్తువు పుట్టే గల్లీకి, గదికి, మనిషికి ప్లాన్‌లో ఏ గుర్తింపూ లేదు.

లక్క గాజు ఎలా తయారవుతుందో చూస్తే ఇది తెలుస్తుంది. బొగ్గుల వేడి మీద లక్కను కరిగించి, సాగదీసి, చుట్టి, అది ఆరేలోపు ఒక్కో రాయిని చేత్తో అద్దాలి. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లోని చిన్న ఇళ్లలో, ముందుగదిలో ఈ పని జరుగుతుంది. ఇంటిపని మధ్యలో ఆడవాళ్లు రాళ్లు అద్దుతారు. తయారైన గాజులు నడిచి వెళ్లేంత దూరంలోని దుకాణానికి చేరతాయి. ఇల్లు, పని, అంగడి మూడూ దగ్గర దగ్గరగా ఉంటేనే ఆ గాజు ఆ ధరకు వస్తుంది.

మన మాస్టర్ ప్లాన్లు పటం మీద నివాస ప్రాంతానికి ఒక రంగు, వాణిజ్యానికి ఇంకో రంగు, పరిశ్రమకు మరో రంగు పూస్తాయి. మూడు రంగులూ కలిసి ఉన్న గదికి పటంలో రంగు లేదు. రోడ్డు వెడల్పు చేస్తే ముందుగది పోతుంది, ఆ ముందుగదిలోనే పని ఉంది. నష్టపరిహారం చదరపు గజాలకు ఇస్తారు, పోయిన జీవనోపాధికి లెక్క కట్టరు. పరిహారంతో ఆ కుటుంబం నగరం అంచుకు మారితే, గాజు అంగడికి రావడానికి బస్సు ఛార్జీలు, అద్దెలు కలిసి చివరికి అచ్చు పోసిన గాజుకే గిరాకీ మిగులుతుంది. పాతనగరం మెట్రో దారి కోసం ఆస్తులు సేకరిస్తున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న ఊహ కాదు. పాతనగరానికి మెట్రో అవసరం, అక్కడి జనం ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నారు. స్టేషన్ చుట్టూ కొంత స్థలాన్ని ఈ చేతివృత్తుల వాళ్లకు తక్కువ అద్దెకు, రాసిచ్చిన హక్కుగా కేటాయిస్తే రెండూ సాధ్యమే. స్టేషన్ గోడ మీద గాజుల బొమ్మ గీయడం కేటాయింపు కిందికి రాదు.

ఇరానీ కేఫ్‌లదీ ఇదే కథ. మూలమలుపు స్థలం, ఒక చాయ్‌తో గంటసేపు కూర్చోగల బల్ల. ఎన్ని కవితలు, ఎన్ని వార్తలు, ఎన్ని రాజకీయాలు ఆ బల్లల మీద పుట్టాయో. మూల స్థలాల ధరలు పెరిగేసరికి అవి ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. సృజనకు తక్కువ ఖర్చుతో కూర్చునే చోటు కావాలి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ ఒక పాత ఇంటి ఆవరణలో, ఒక చెట్టు కింద, దాన్నే చేసి చూపింది. నాటకం, చర్చ, ముషాయిరా అనే ఉర్దూ కవి సమ్మేళనం, సినిమా, చవకగా చాయ్, సమోసా. అలాంటిది ప్రతి సర్కిల్‌కూ ఒకటి ఉండాలని ఏ ప్లాన్ ఎందుకు అనుకోదు? మూతపడిన ప్రభుత్వ భవనాలు నగరంలో ఉన్నాయి. ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకే 2020 జులైలో వాన నీళ్లు రావడంతో దాన్ని ఖాళీ చేశారు. కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో పునాది పడింది. నది ఒడ్డున ఉన్న ఆ మహా భవనం రేపు ఏమవుతుందన్నది నగరం ఇప్పుడే తేల్చుకోవాలి. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ భవనం మిగిలింది. ప్రతి భవనానికీ కోర్టే దిక్కు కావడం ఆరోగ్యం కాదు.

మట్టి విగ్రహం, మూసీ ఒడ్డు

వినాయకుడి విగ్రహం సంగతి చూస్తే పండుగ, కళ, నీళ్లు మూడూ ఎలా ముడిపడి ఉన్నాయో ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లలో చెరువు మట్టితో బొమ్మ చేసి, పూజించి, అదే చెరువులో కలిపేవారు. తీసింది తిరిగి ఇచ్చేయడమే నిమజ్జనం. నగరంలో చెరువు మట్టి పోయింది, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది. 2021లో హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ఆ విగ్రహాలు కలపొద్దంది. సుప్రీంకోర్టు ఆ ఏడాదికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మరుసటి ఏడాది ఖైరతాబాద్ గణపతిని మొదటిసారి మట్టితో 50 అడుగుల ఎత్తున చేసి, పెద్ద విగ్రహం మట్టితో సాధ్యం కాదన్న మాటను పక్కన పెట్టించారు.

విగ్రహాలు చేసే ధూల్‌పేట కళాకారుల వైపు నుంచి చూస్తే కష్టం అర్థమవుతుంది. మట్టి బొమ్మ ఆరడానికి రోజులు పడుతుంది, అది తయారయ్యేది వానాకాలంలో. బరువు ఎక్కువ, దారిలో విరుగుతుంది. అచ్చులో పోసి తీసే ప్లాస్టర్‌తో పోటీ పడాలంటే వాళ్లకు మంచి మట్టి, నీడ ఉన్న పెద్ద షెడ్డు, ముందుగా ఆర్డరు కావాలి. నిషేధం ఒక్కటే ఇస్తే ఆ భారమంతా వాళ్ల మీదే పడుతుంది. నగరం ఏటా చెరువుల్లో పూడిక తీస్తుంది, లారీలకు లారీలు బయట పారబోస్తుంది. ఆ ఒండ్రులో శుభ్రమైనది ఎంచి ధూల్‌పేటకు చేర్చడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు, రెండు శాఖల మధ్య ఒక ఫోన్ కాల్ చాలు. చెరువులో మురుగు కలవకుండా ఉంటేనే ఆ మట్టి పనికొస్తుంది, అది వేరే చెప్పాలా.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద పరీక్ష మూసీది. నగరం మీదుగా పారే 55 కిలోమీటర్ల నదిని బాగుచేస్తామని ప్రభుత్వం చెబుతోంది. 2024లో నదీగర్భంలోని ఇళ్లకు ఎర్ర గుర్తులు వేయడంతో బస్తీల్లో టెన్షన్ మొదలైంది, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. నది బాగుపడాలనడంలో రెండో మాట లేదు. మురుగు ఆగకుండా ఒడ్డు ఎంత అందంగా కట్టినా వాసన ఆగదు. అహ్మదాబాద్‌లో సబర్మతికి రెండువైపులా కాంక్రీటు గోడలు కట్టి, నర్మద కాలువ నీళ్లతో నింపి చూపించారు. అక్కడ నది ఒక పొడవాటి తొట్టిలా మారింది. మూసీకి అదే నమూనా తెస్తే 1908 నుంచి నేర్చుకున్నదంతా పక్కన పెట్టినట్టే. ఈ నది వానాకాలంలో వెడల్పు అడుగుతుంది.

మూసీ ఒడ్డున ఇప్పటికీ మనుషులు పని చేస్తున్నారు. ధోబీ ఘాట్లు ఉన్నాయి. ఉప్పల్ వైపు నది నీటితో పశుగ్రాసం పెంచి నగరంలోని గేదెలకు అమ్మేవాళ్లు ఉన్నారు. కింద నల్గొండ దాకా ఆ నీటితోనే వరి పండుతుంది. నీళ్లు శుభ్రమైతే మొదట బాగుపడాల్సింది వీళ్లు. వీళ్లను లేపి వాకింగ్ ట్రాక్ వేస్తే ఒడ్డు మీద సాయంత్రం నడిచేవాళ్లు ఉంటారు గానీ, నదిలో నురగ కనిపించిన రోజు రోడ్డెక్కి అడిగేవాళ్లు ఉండరు.

బతుకమ్మ కుంట విషయంలోనూ ఇదే సందేహం మిగిలింది. చుట్టూ నడకదారి, దీపాలు, గడ్డి అందంగా ఉన్నాయి. వానకు ఆ కుంటలోకి నీళ్లు తెచ్చే దారులు ఎంత శుభ్రంగా ఉంటాయన్నదాని మీద, పండుగ కాని రోజుల్లో ఆ ఒడ్డుతో ఎవరికి పని ఉంటుందన్నదాని మీద దాని ఆయుష్షు ఆధారపడుతుంది.

బతుకమ్మను పేర్చే పూల సంగతి ఇంకా ఉంది. తంగేడును, గునుగును ఎవరూ సాగు చేయరు. అవి బీళ్లలో, గుట్టల వాలుల్లో, చెలకల గట్ల మీద వాటంతట అవే మొలుస్తాయి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. పార్కుల్లో మాత్రం పై ఊళ్ల నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలే కనిపిస్తాయి. తంగేడు మొలిచే నేలకు మాస్టర్ ప్లాన్‌లో ఉన్న పేరు ఖాళీ స్థలం. అందుకే ఏటా సద్దుల బతుకమ్మ ముందు రోజు జిల్లాల నుంచి గునుగు కట్టలు ఆటోల్లో, డీసీఎంలలో నగరానికి వస్తాయి. మార్కెట్లలో ఆడవాళ్లు వాటిని బేరమాడి కొనుక్కుంటారు. గుట్టలు తొలిచి, బీళ్లు ప్లాట్లుగా మార్చుకుంటూ నగరం ఇంకా ముందుకు పోతోంది. ఆ కట్టలు వచ్చే దూరం ఏడాదికేడాది పెరుగుతోంది.